రెండో డికాక్షన్

మొదటి డికాక్షన్ ఆయన తాగి పనికెళ్ళాడు.
రెండోది, ఆ పల్చటిది, కాగితాలకు.
ఫిల్టరులో ఇంకో గ్లాసు వేణ్ణీళ్ళు పోసి
మూత మీద వేలితో తట్టి కూర్చున్నాను.
తొందరపెడితే దిగదది.

సోమవారానికి హంసిని బడిలో
మూడొందల ఏళ్ళనాటి ఉత్తరం కావాలిట.
రేవులో ఓడ దిగిన వర్తకుడెవరో
ఇంటికి రాసుకున్నది.
ఇవాళ శనివారం.
సైదాపేటలో పొద్దుటి నుంచీ ముసురు.

తెల్ల కాగితాన్ని ఉండ చుట్టమన్నాను.
చిరక్కుండా నలపాలే అంటే
ఎవరి మీదో కోపం ఉన్నట్టు నలిపింది పిల్ల.
విప్పాం. మళ్ళీ చుట్టాం. మళ్ళీ విప్పాం.
నాలుగోసారికి కాగితం చప్పుడు మానేసి
ఉతికిన గుడ్డలా మెత్తబడింది.
అంచున్న స్టీలు పళ్ళెంలో పరిచి పోస్తే
ముందు మడతల్లోకే ఎక్కింది రంగు.
కల్లుప్పు నాలుగు పలుకులు చల్లాం,
పలుకు కూర్చున్నచోటల్లా ఒక మచ్చ.

"ఎంత రంగు దాకా?" అంది.
బీరువాలోంచి నా పదోతరగతి మార్కుల లిస్టు తీశాను.
మేం కింది వాటాలో ఉన్న ఏడాది
అడయారు నది చెప్పకుండా ఇంట్లోకొచ్చి
రెండు రోజులుండి పోయింది.
ఈ కాగితాన్ని ఫ్యాను కింద, పాత తువ్వాలు మీద,
పసిబిడ్డను తిప్పినట్టు తిప్పి తిప్పి ఆరబెట్టాను.
లెక్కల్లో డెబ్భై ఎనిమిది,
ఎనిమిది కొట్టుకుపోయింది.
అప్పుడు మచ్చ పోలేదని ఏడ్చినదాన్ని
ఇప్పుడు ఆ మచ్చనే పక్కన పెట్టుకుని
చూసి దించుతున్నాను.
"ఇంకొంచెం ముదురు" అంది పిల్ల.
పోశాం.

ముసురులో ఏదీ ఆరదు.
ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఇల్లంతా మాడిన కాఫీ.
అగరొత్తి నిప్పుతో అంచులు కొరికించాను,
ఒకచోట అంటుకుని ఎగబాకబోతే
బొటనవేలితో అణిచేశాను.
బొబ్బ ఇంకా ఉంది.

తీరా రాయాల్సిన వేళకు
పెన్ను నా ముందుకు తోసింది.
"తెలుగులో రాయి మమ్మీ,
చూడగానే పాతగా ఉంటుంది.
మా క్లాసులో ఎవరికీ రాదుగా."

నేనేం అనలేదు.
దానికి తమిళం వచ్చు, ఇంగ్లీషు వచ్చు, హిందీ గట్టెక్కుతుంది.
తెలుగు, నేను కసిరితే అర్థమవుతుంది.

"ఏం రాయను?"
"ఏదైనా. ఎవరూ చదవరు."

సరే, రాశాను.
తలకట్లు తప్పకుండా, గుండ్రంగా, కుదురుగా.
గ్యాసు బుక్ చెయ్యాలి.
నీళ్ళ లారీ మంగళవారం, రెండు బిందెలు ఎక్కువ పట్టాలి.
మునిరత్నం చీటీకి పదిహేను వందలు.
ఎడమ మోకాలు నొప్పి, ఆయనకు చెప్పలేదు.
కింద కాస్త చోటు మిగిలితే
మా అమ్మ పేరు రాశాను,
ఊరికే, చేతికొచ్చింది కనక.
ఎర్ర కొవ్వొత్తి కరిగించి
ఆయన చొక్కా బొత్తాంతో ముద్ర వేసింది హంసిని.

బోర్డుకి గుండుసూదులతో పెట్టారు.
హిస్టరీ మిస్ దూరం నుంచి చూసి
అచ్చం ఒరిజినలే అందిట.
బహుమతి మాత్రం థర్మాకోలు కోటకి.

సాయంత్రం పిల్ల కోసం వెళితే
వరండా ఊడ్చే పోలమ్మ
చీపురు చంకలో పెట్టుకుని బోర్డు ముందు నిలబడి ఉంది.
కార్పొరేషన్ వాళ్ళ తెలుగు బడిలో
ఐదు దాకా చదివిందట.
పెదాలు కదుపుతూ
ఒక్కో అక్షరాన్నీ వేలితో జరుపుకుంటూ
మూడొందల ఏళ్ళూ దాటి వచ్చి
నా వైపు తిరిగింది.

"ఈ మోకాలునొప్పి ఎవరికమ్మా?"

హంసిని కాగితం వంక చూసింది,
తర్వాత నా కాలి వంక.